విమానంలో ఎంగిలి కప్పు



మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి, రేడియో దగ్గర కాస్త నడుం వాల్చిన మీతో ఇవాళ నేను ఒక కప్పు గురించి మాట్లాడదామనుకుంటున్నాను. వెండి కప్పూ కాదు, పింగాణీ కప్పూ కాదు. తాగి పారేసే కాగితం కప్పు. అదీ మన వీధి చివర టీ బండి దగ్గరది కాదు, ఆకాశంలో విమానంలో మన చేతికిచ్చేది.

"విమానాల సంగతి మాకెందుకమ్మా" అనుకోకండి. ఒకప్పుడు విమానమంటే మంత్రులూ, సినిమా తారలూ ఎక్కేది. ఇప్పుడు ఏ ఇంట చూసినా ఒక పిల్లో పిల్లవాడో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్నారు. పురుళ్ళు పోయడానికీ, మనవల్ని ఎత్తుకోవడానికీ పరుగెత్తేది మనమే. ఆవకాయ సీసాకి ఎన్ని పొరలు చుట్టాలో, పెట్టె ఎన్ని కిలోలకు ఆపాలో మనకు తెలిసినంతగా మన మగవాళ్ళకు తెలియదు. కనుక విమానంలో కప్పు కూడా మన సంగతే.

మా రెండో అమ్మాయి పురిటికి మావారూ నేనూ అమెరికా వెళ్ళాం. శంషాబాదులో ఎక్కి, మధ్యలో గల్ఫు దేశంలో ఒక విమానం దిగి మరోటి ఎక్కి, షికాగో చేరేసరికి ఇరవై గంటల పైన పట్టింది. కూర్చుని కూర్చుని ఏం తోచక, నా ముందున్న సంచీలో నేను తాగి పెట్టిన కప్పులు లెక్కబెట్టాను. మంచినీళ్ళకొకటి, పళ్ళరసానికొకటి, కాఫీకొకటి. నిద్ర లేచాక మళ్ళీ నీళ్ళకొకటి. రెండు విమానాల్లోనూ కలిపి నేనొక్కదాన్నే పదకొండు కప్పులు! మావారివి తొమ్మిది. ఇంట్లో ఇద్దరమూ కలిసి రెండు గ్లాసులతో ఏడాదంతా గడుపుతాం కదా, ఒక్క రోజులో ఇరవై కప్పులు ఏం చేశామా అని నాకే సిగ్గేసింది.

నిజం చెప్పొద్దూ, ఆ పదకొండింట్లో సగం నా చాదస్తం వల్లనే. మా అత్తగారు ఎంగిలి విషయంలో మహా పట్టింపు మనిషి. గ్లాసు పెదవులకు తగలకుండా ఎత్తిపోసుకునే తాగాలి. తగిలిందా, అది తోమే గిన్నెల్లోకి పోవలసిందే. ఆ అలవాటు నాకూ వచ్చింది. విమానంలోనూ మంచినీళ్ళు ఎత్తిపోసుకోబోయాను. సరిగ్గా అప్పుడే విమానం ఒక్క కుదుపు కుదిపింది. నీళ్ళు పక్క సీటాయన కోటు మీద పడ్డాయి. పాపం ఆయన నవ్వేసి ఊరుకున్నాడు గాని, ఆ తర్వాత నేను ఎత్తిపోసుకునే సాహసం చెయ్యలేదు. పెదవులానించే తాగాను. తాగిన కప్పు ఎంగిలయిందని మళ్ళీ కొత్తది అడిగాను. అదీ నా పదకొండు కప్పుల కథ.

దిగే ముందు చెత్త పోగుచెయ్యడానికి ఒక అమ్మాయి వచ్చింది. చూస్తే మన తెలుగు పిల్లే, విశాఖపట్నం దగ్గరట. కప్పులన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి పొందిగ్గా చేతికిచ్చి, "ఇవన్నీ ఏం చేస్తారమ్మా? కరిగించి మళ్ళీ కాగితం చేస్తారా?" అని అడిగాను.

"లేదాంటీ, ఇవన్నీ కాల్చేస్తారు. లేకపోతే పాతిపెడతారు. వేరే దేశం నుంచి వచ్చిన విమానంలో తిండి తగిలిన చెత్త ఏదీ బయటికి పోనివ్వరు. అక్కడి రూలు" అంది.

నాకు ఆశ్చర్యం వేసింది. చెత్తకు కూడా పాస్‌పోర్టు ఉంటుందా అనుకున్నాను. తర్వాత మా అల్లుణ్ణి కూర్చోబెట్టి ఆ రూలేమిటో వెతికించి చదివించుకున్నాను. అమ్మాయి చెప్పింది నిజమే. అమెరికాలో పరదేశాల నుంచి వచ్చిన విమానాల, ఓడల తిండి చెత్తను బూడిద అయ్యేదాకా కాల్చాలి. లేదా నీళ్ళు మరిగే వేడికి, అంటే 100 డిగ్రీలకు తెచ్చి, అరగంట ఉంచి, ఆ తర్వాత పాతిపెట్టాలి. యూరపులోనూ బయటి దేశాల విమానాల తిండి చెత్తకు ఇంతటి కట్టుబాటే ఉంది. తిండి తగలని సీసాలూ డబ్బాలూ మొదటి నుంచీ విడిగా పెడితే కొన్నిచోట్ల తీసుకోనిస్తారు. ఒక్కసారి అన్నం మెతుకూ, పాల చుక్కా తగిలి కలిసిపోయాయా, అంతే సంగతులు. అన్నీ మంటలోకే.

ఎందుకింత కఠినం అంటారా? దాని వెనక ఒక కథ ఉంది. మనకు బాగా అర్థమయ్యే కథ. మన పల్లెటూళ్ళలో గేదెకు కుడితి పెట్టడం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు, మిగిలిన అన్నం, కూరల తొక్కులు, అన్నీ కుడితి తొట్టిలోకి పోయేవి. ఇంట్లో పుట్టిన ఎంగిలి ఏదీ వృథా పోయేది కాదు, మర్నాటికి పాలై తిరిగొచ్చేది. యూరపు రైతులూ అలాగే మిగిలిన తిండిని పందులకు పెట్టేవారు. 1957లో పోర్చుగల్ దేశంలో, లిస్బన్ నగరపు విమానాశ్రయం దగ్గర కొందరు రైతులు విమానాల్లో మిగిలిన తిండిని పందులకు పెట్టారు. ఆ తిండిలో ఆఫ్రికా నుంచి వచ్చిన మాంసం ఉంది. దాంతోపాటు ఆఫ్రికా పందుల జ్వరం అనే మహమ్మారీ వచ్చింది. మనుషులకు రాదు గాని, పందుల్ని మాత్రం మందల కొద్దీ చంపేస్తుంది. దానికి మందు లేదు. అప్పటికి దాన్ని అణిచారు గాని, 1960లో మళ్ళీ వచ్చి పక్కనున్న స్పెయినుకూ పాకింది. ఆ రెండు దేశాలకూ దాని పీడ విరగడయ్యేసరికి 1990లు వచ్చాయి. విమానంలో ఎవరో తినక వదిలేసిన భోజనం, ముప్ఫై ఏళ్ళకు పైగా రైతుల కొంప ముంచింది.

చూశారూ! మా అత్తగారి ఎంగిలి పట్టింపే, ప్రభుత్వాలు చట్టం చేసి పెట్టుకున్నాయి. పరాయి దేశం ఎంగిలి మా గొడ్డుకు తగలకూడదు అని. దాన్ని తప్పు పట్టలేం. పాడి ఉన్న ఏ ఇల్లాలయినా అదే అంటుంది. కాకపోతే దాని ఫలితం ఏమిటంటే, అంతర్జాతీయ విమానంలో మీరు కప్పు ఎంత జాగ్రత్తగా మడిచి ఇచ్చినా, దాని మీద మళ్ళీ వాడుకోవచ్చన్న గుర్తు ఎంత అందంగా అచ్చువేసి ఉన్నా, తిండి చెత్తతో కలిస్తే అది పోయేది పొయ్యిలోకే.

అసలు ఈ కాగితం కప్పు పుట్టిందే ఎంగిలి భయంలోంచి అని తెలిశాక నాకు మరీ విచిత్రం అనిపించింది. పూర్వం అమెరికాలో రైళ్ళలోనూ బడుల్లోనూ నీళ్ళ పీపా పక్కన గొలుసుతో కట్టిన ఒక్క రేకు గ్లాసు ఉండేదట. వచ్చినవాళ్ళందరూ దాంతోనే తాగేవారు. కాన్సస్ రాష్ట్రంలో శామ్యూల్ క్రంబైన్ అనే ఆరోగ్య శాఖ డాక్టరు, రైల్లో క్షయ రోగులు తాగిన గ్లాసుతోనే ఒక చిన్నపిల్ల కూడా తాగడం చూశాడట. 1909లో ఆ రాష్ట్రంలో రైళ్ళలో, బడుల్లో ఉమ్మడి గ్లాసును నిషేధించారు. అంతకు కొద్ది ముందే, 1907 ప్రాంతంలో, బోస్టన్ నగరంలో లారెన్స్ లుయెలెన్ అనే ఒక లాయరు కాగితం కప్పు కనిపెట్టాడు. దాన్ని మొదట ఆరోగ్య కప్పు అనే అర్థం వచ్చే పేరుతోనే అమ్మారు. 1919లో డిక్సీ కప్పు అని మార్చారు. రైళ్ళలో మొదలైన కప్పు తర్వాత విమానం ఎక్కింది. అప్పటికి అది మంచి పనే. క్షయ ఇంటింటా ఉన్న రోజుల్లో ఆ కప్పు ఎందరు పిల్లల్ని కాపాడిందో.

అయితే కాగితం నీళ్ళలో నానదా, టీ పోస్తే జావ కాదా అని మీరు అడగాలి. మొదట్లో మైనం పూసేవారు. ఇప్పుడు లోపలి వైపున సన్నటి ప్లాస్టిక్ పొర అంటిస్తారు. ఇంట్లో ఒక కాగితం కప్పును నీళ్ళలో రాత్రంతా నానేసి పొద్దున్న చించి చూడండి. కాగితం పీచుగా విడిపోతుంది, లోపల పల్చటి పొర ఒకటి చేతికొస్తుంది. పేపరు మిల్లువాళ్ళకు ఆ పొరతోనే తంటా. అందుకని దాన్ని విడదీసే యంత్రాలున్నచోట తప్ప ఆ కప్పును ఎవరూ తీసుకోరు.

ఆ పొర గురించి ఇంకో మాట. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు 2020లో ఒక పరీక్ష చేసి చూపించారు. కాగితం కప్పులో వేడి నీళ్ళు పోసి పదిహేను నిమిషాలుంచితే, 100 మిల్లీలీటర్లలోకి 25,000 దాకా కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులు దిగాయట. మనం తాగే చిన్న కప్పు కాఫీ అంత మాత్రమే ఉంటుంది. ఎంగిలి తగలదని మనం మురిసిపోయే కప్పు, అలాంటిదేదో మన నోట్లోకే పంపుతోందన్నమాట.

మన దేశంలో 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులూ, చెంచాలూ, స్ట్రాలూ నిషేధించారు. మంచిదే. కాని ఆ చోటులోకి కాగితం కప్పు వచ్చి కూర్చుంది. "కాగితమేగా" అని మనం నిశ్చింతగా ఉన్నాం.

ఇక విమానాల చెత్త ఎంతో వింటే గుండె గుభేలుమంటుంది. లండన్ హీత్రూ విమానాశ్రయంలో 2012, 2013 సంవత్సరాల్లో విమానాల చెత్తను తూచి చూస్తే, సగటున ఒక్కో ప్రయాణికుడు 1.43 కిలోల చెత్త వదిలి దిగుతున్నట్టు తేలింది. అందులో ఐదో వంతు పైగా ఎవరూ ముట్టనైనా ముట్టని తిండీ, తాగని పానీయాలూను. విమాన కంపెనీల అంతర్జాతీయ సంఘం లెక్క ప్రకారం 2017లో ప్రపంచం మొత్తం మీద విమానాల్లో పోగయిన చెత్త 57 లక్షల టన్నులు. పెట్టె 23 కిలోలు దాటితే గోల పెట్టేవాళ్ళు, ఇంత చెత్త మాత్రం ఊరికే మోస్తున్నారు.

"అంత బాధ ఎందుకు, స్టీలు గ్లాసులు పెట్టి కడుక్కోవచ్చుగా" అని నేనూ అనుకున్నాను. నిజానికి విమానంలో ముందు వరసల్లో, ఎక్కువ డబ్బు పోసిన వాళ్ళకు పింగాణీ కప్పులూ, గాజు గ్లాసులే ఇస్తారు. అవి దిగాక వంటశాలకు పోయి, యంత్రాల్లో కడిగి, మళ్ళీ విమానం ఎక్కుతాయి. అంటే ముందు వరసల వాళ్ళ ఎంగిలి కడిగితే పోతుంది, మన ఎంగిలి మాత్రం కాల్చితే తప్ప పోదన్నమాట! ఈ మాట మావారితో అంటే, "బరువు లెక్క చూసుకో" అన్నారు. మా వంటింటి త్రాసులో తూచాను. మా స్టీలు గ్లాసు వంద గ్రాములుంది. కాగితం కప్పు ఒక్కటి పెడితే ముల్లు కదల్లేదు. పది కలిపి పెడితే నలభై గ్రాములు. నూట ఎనభై మంది ఎక్కే విమానంలో తలా ఒక స్టీలు గ్లాసంటే పద్దెనిమిది కిలోలు. కాగితం కప్పులైతే ముప్పావు కిలో కూడా లేవు. ప్రతి కిలోకూ ఆకాశంలో ఇంధనం కాలుతుంది. పైగా గ్లాసులు పెట్టుకోవడానికి చోటు కావాలి, కడగడానికి వేడినీళ్ళు కావాలి. ఒప్పుకోక తప్పలేదు. అయినా రోజుకు ఐదారు ట్రిప్పులు అదే గ్లాసు తిరిగితే ఐదారు కప్పులు మిగులుతాయి కదా అని ఇప్పటికీ నా మనసు పీకుతూనే ఉంటుంది.

కంపెనీలు ఏమీ చెయ్యడం లేదని కాదు. పోర్చుగల్ వాళ్ళ హై ఫ్లై అనే కంపెనీ 2018 డిసెంబరు 26న లిస్బన్ నుంచి బ్రెజిల్‌కు, వాడి పారేసే ప్లాస్టిక్ లేకుండా విమానం నడిపింది. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ వాళ్ళు 2019 మే 8న సిడ్నీ నుంచి అడిలైడ్‌కు, చెత్తకుప్పకు ఏమీ పంపకుండా ఒక విమానం నడిపారు. మామూలుగా అయితే ఆ ఒక్క ప్రయాణానికి 34 కిలోల చెత్త వచ్చేదట. కప్పులూ, డబ్బాలూ ఎరువయ్యే రకానివి పెట్టి, మిగిలినవి విడివిడిగా ఏరి పంపారు. గమనించారా, సిడ్నీ, అడిలైడ్ రెండూ ఒకే దేశంలోవి. పరాయి ఎంగిలి చట్టం అక్కడ అడ్డురాదు. అందుకే అంత సులువుగా సాగింది.

న్యూజిలాండ్ విమాన కంపెనీ 2019లో మరీ తమాషా పని చేసింది. వెనిలా వాసన వేసే బిస్కెట్టు కప్పుల్లో కాఫీ పోసి ఇచ్చి చూశారు. కాఫీ తాగేసి కప్పు తినెయ్యడమే! అప్పట్లో వాళ్ళు ఏడాదికి 80 లక్షలకు పైగా కప్పుల కాఫీ ఇచ్చేవారట మరి. ఈ సంగతి మా మనవడికి చెబితే, "అమ్మమ్మా, మనమూ ఆ విమానమే ఎక్కుదాం" అని మూడు రోజులు వేధించాడు. అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్స్ 2023 జనవరిలో ప్లాస్టిక్ గ్లాసులు మానేసి కాగితం కప్పులకు మారింది. దాంతో ఏడాదికి ఐదున్నర కోట్ల ప్లాస్టిక్ గ్లాసులు తగ్గుతాయన్నారు. డెల్టా కంపెనీ అయితే 2007 నుంచీ విమానాల్లో అల్యూమినియం డబ్బాలు పోగుచేసి, అమ్మగా వచ్చిన డబ్బుతో పేదలకు ఇళ్ళు కట్టే సంస్థకు సాయం చేస్తోంది. డబ్బాకు ఆ విలువ ఉంది. ఖనిజం తవ్వి అల్యూమినియం తియ్యడానికయ్యే కరెంటులో ఇరవయ్యో వంతుతో పాత డబ్బాలు కరిగించి కొత్తది చెయ్యొచ్చు.

ఇదంతా తెలుసుకున్నాక నేను చేతులు ముడుచుకు కూర్చోలేదు. విదేశాల విమానం సంగతి మన చేతిలో లేకపోయినా, హైదరాబాదు నుంచి విశాఖపట్నమో, విజయవాడో, తిరుపతో పోయే విమానాలకు పరాయి ఎంగిలి చట్టం లేదుగా. కిందటేడు నుంచి ఈ విమానాల్లో ప్రయాణం చేసినప్పుడల్లా నా ప్రయోగాలు మొదలుపెట్టాను. మా పెద్దబ్బాయి విశాఖలో ఉంటాడు, రాకపోకలు ఎక్కువే.

మొదట చేసింది, ఇంటి నుంచి ఖాళీ సీసా పట్టుకెళ్ళడం. తనిఖీ దగ్గర ఖాళీ సీసా ఒప్పుకుంటారు. లోపలికి వెళ్ళాక కుళాయి దగ్గర పట్టుకోవచ్చు. దీంతో నీళ్ళ కప్పులు పూర్తిగా తప్పాయి. నా పదకొండులో సగానికి పైగా నీళ్ళవే సుమండీ. రెండోది, పళ్ళరసం డబ్బా కొన్నప్పుడు దాంతోపాటు కప్పు వద్దనడం. డబ్బాలోంచే ఎత్తిపోసుకోవచ్చు. విమానం కుదపని వేళ చూసుకోవాలి, అంతే.

మూడోది స్టీలు గ్లాసు. ఇక్కడ మాత్రం నాకు శృంగభంగమైంది. మా అత్తగారి గ్లాసు ఒకటి సంచీలో వేసుకెళ్ళి, టీ దీంట్లో పొయ్యమన్నాను. ఆ పిల్ల తటపటాయించింది. విమానం కుదిపితే వేడి టీ ఒలికి ఎవరి మీదయినా పడుతుందని వాళ్ళకు భయం. కాగితం కప్పయితే ఎంత నిండాలో వాళ్ళకు అలవాటు. బతిమాలితే సగానికి పోసింది. స్టీలు కదా, పట్టుకోగానే వేళ్ళు చురుక్కుమన్నాయి. వదల్లేను, పెట్టలేను. చీర కొంగుతో పట్టుకుని ఊదుకుంటుంటే మావారు కిటికీ వైపు తిరిగి, నేనెవరో తెలియనట్టు కూర్చున్నారు. ఆ తర్వాత నుంచి చుట్టూ ఊలు అల్లిన తొడుగు ఒకటి వేసి తీసుకెళ్తున్నాను. కాళ్ళకు మేజోడు అల్లడం వచ్చిన వాళ్ళకు అది అరగంట పని.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. కప్పు తీసుకున్నా సరే, దాంట్లో టీ అడుగు, తుడిచిన కాగితం, బిస్కెట్టు పొట్లం, అరటి తొక్క అన్నీ కుక్కి ఇవ్వకూడదు. మనం అదేదో శుభ్రత అనుకుంటాం. అన్నీ ఒక్క కప్పులో ఇమిడ్చానని నేనూ గొప్పపడేదాన్ని. అక్కడే తప్పు. పొడి డబ్బా విడిగా ఉంటే పనికొస్తుంది, టీ తగిలిందా చెత్త అయిపోతుంది. అందుకని డబ్బా వేరే, సీసా వేరే, తడి చెత్త వేరే ఇవ్వడం మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఒకసారి విశాఖ నుంచి వస్తూ, డబ్బా విడిగా, కప్పు విడిగా, తొక్కు విడిగా ఎంతో ముచ్చటగా అందించాను. ఆ అమ్మాయి, "థాంక్యూ ఆంటీ" అని చిరునవ్వుతో అన్నీ తీసుకుని, నా కళ్ళెదుటే ఒకే సంచీలో పడేసింది. నా ప్రాణం ఉసూరుమంది. "అదేమిటమ్మా, విడిగా ఇచ్చాను కదా" అంటే, "ఆంటీ, ఇంకో పావుగంటలో దిగుతాం. దిగిన అరగంటకు ఇదే విమానం చెన్నై పోవాలి. రెండు సంచీలు పట్టుకుని తిరగడానికి సందులో చోటేదీ?" అంది. ఆ పిల్ల ముఖం చూస్తే ఏమనబుద్ధి కాలేదు. తెల్లవారుజామున మూడింటికి లేచిందిట, అది నాలుగో ట్రిప్పుట. తప్పు ఆ పిల్లది కాదు. రెండో సంచీ పెట్టని వాళ్ళది.

ఇంటికొచ్చి ఆ కంపెనీకి ఉత్తరం రాశాను. చెత్త బండిలో రెండు సంచీలు పెట్టండి, ఒకటి డబ్బాలకూ సీసాలకూ అని. వారం రోజులకు జవాబు వచ్చింది, మీ సూచనకు కృతజ్ఞతలు అని, అంతకు మించి ఏమీ లేదు. మళ్ళీ రాశాను. ఈసారి మా అపార్టుమెంటు మహిళా మండలిలో పద్నాలుగు మంది చేత సంతకాలు పెట్టించి పంపాను. దానికి ఇంకా జవాబు రాలేదు. మీరూ రాయండి. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. ప్రయాణించిన తేదీ, విమానం నంబరు వేసి, "డబ్బాలు విడిగా తీసుకోలేదు" అని ఒక్క ముక్క రాస్తే చాలు. చీరల కొట్లో రంగు పోయిందని గొడవపెట్టి మార్పించుకునే వాళ్ళం, దీనికి మాత్రం మొహమాటపడతామా?

మా అపార్టుమెంటులో పొడి చెత్త ఏరుకుపోవడానికి ఒకావిడ వస్తుంది. ఒకరోజు ఆవిడ ఏరుతుంటే పక్కన నిలబడి చూశాను. సీసా తీసింది, డబ్బా కాలితో నొక్కి సంచీలో వేసుకుంది, అట్టపెట్టె మడిచి పెట్టుకుంది. కాగితం కప్పుల దొంతర మాత్రం పక్కకు నెట్టేసింది. "అదీ కాగితమే కదమ్మా" అన్నాను. "దీన్ని ఎవరూ కొనరమ్మగారూ. ఎంగిలీ, పైగా లోపల పొర. కొట్టువాడు విసిరి కొడతాడు" అంది. మా అల్లుడు ఎక్కడెక్కడో వెతికి చదివి వినిపించిందంతా ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది.

మొన్న మా పెద్దబ్బాయి కూతురి అన్నప్రాసనకు అరవై మంది వచ్చారు. కోడలు రెండు వందల కాగితం కప్పులు తెప్పించింది. నేను అటక మీది స్టీలు గ్లాసులు దింపిస్తానన్నాను. "తోమేదెవరు అత్తయ్యా, పనమ్మాయి ఈ వారం రానంది" అంది. ఆ మాటా నిజమే. గ్లాసులు వాడమని ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు ఒకరూ, తోమేవాళ్ళు ఇంకొకరూ అయితే అది న్యాయం కాదు. చివరకు రాజీపడ్డాం. మంచినీళ్ళకు స్టీలు గ్లాసులు, కాఫీకి కాగితం కప్పులు. గ్లాసులు తోమడం మావారూ, మా అబ్బాయీ. మావారు తొలిసారి చింతపండు పులుసు పెట్టి గ్లాసు తోమారు. రెండు సొట్టలు పడ్డాయి గాని పోనివ్వండి. రెండు వందల కప్పుల్లో నూట ముప్ఫై మిగిలాయి. మా కోడలు వాటిని అలమారలో దాచింది. ఇంకే పేరంటానికి బయటికి తీస్తుందో చూడాలి.

కిందటి వారం విశాఖ నుంచి తిరిగొస్తూ మళ్ళీ మా అత్తగారి గ్లాసు, ఊలు తొడుగుతో సహా బయటికి తీశాను. ఈసారి వచ్చిన పిల్ల తటపటాయించలేదు. అడక్కుండానే సగానికి పోసింది. నేను తాగి కిందపెట్టాక, తొడుగు కాస్త జారి గ్లాసు మీద చెక్కిన అక్షరాలు కనిపించాయి. మన ఇళ్ళలో స్టీలు సామాను మీద పేర్లు చెక్కించేవారు కదా, అలాంటిదే. ఆ పిల్ల వంగి, కూడబలుక్కుని చదివి, "ఇది మీ పేరేనా ఆంటీ?" అని అడిగింది.

"కాదమ్మా, మా అత్తగారిది. ఆవిడ ఎప్పుడూ విమానం ఎక్కలేదు" అన్నాను.

సెలవు.